శుక్రుడి మీద సాయంత్రపు మెరుపులు

"మెరుపు దొరికిందా అమ్మా?" అని భవానీపురంలో నన్ను అడగని మనిషి లేడు. పాలు పోయించుకుంటుంటే పక్కింటావిడ అడిగేది. ఆటో దిగుతుంటే ఇస్త్రీ బండి ఆయన అడిగేవాడు. కాలేజీ స్టాఫ్ రూములో కెమిస్ట్రీ మేడం, పెళ్ళయి పదేళ్ళయినా పిల్లల్లేని వాళ్ళను పలకరించే గొంతుతో అడిగేది, కాస్త జాలిగా, కాస్త సంతోషంగా. నేనేదో జారిపోయిన చెవిదుద్దు కోసం వెతుక్కుంటున్నానని వీళ్ళందరి ఉద్దేశం కాబోలు. ఆరేళ్ళపాటు "ఇంకా లేదండీ" అని చెప్పి చెప్పి, చివరికి శుక్రగ్రహం పేరు వింటేనే నాకు ఒళ్ళు మండేది.

తప్పు నాదే. నేను విజయవాడలో ఒక ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌ని. బుద్ధిగా పాఠాలు చెప్పుకుని, పేపర్లు దిద్దుకుని ఉంటే ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. తొంభైల మొదట్లో ఎమ్మెస్సీ చదివేటప్పుడు లైబ్రరీలో ఒక పాత పత్రిక తిరగేస్తుంటే, శుక్రుడి మేఘాల్లో మెరుపులు ఉన్నాయా లేవా అని పెద్ద పెద్ద వాళ్ళు కొట్టుకుంటున్నారని కనిపించింది. ఆ మేఘాలు నీళ్ళవి కావు, గంధకామ్లానివి. ఎక్కడా చిల్లన్నది లేకుండా గ్రహమంతా కప్పేసి ఉంటాయి. అందుకని చుట్టూ తిరిగే వ్యోమనౌక కింద మెరిసేదాన్ని కళ్ళతో చూడటం కంటే చెవితో వినడం మేలంటారు. మెరుపు మెరిస్తే అక్కడి అయస్కాంత క్షేత్రంలో ఒక సన్నటి వణుకు పుట్టి పైకి పాకుతుంది. మన భూమి మీద అలాంటి వణుకును స్పీకరుకు కలిపితే ఈల వేసినట్టు వినిపిస్తుంది కాబట్టి దానికి ఈల అనే పేరు పెట్టారు. వెనకటి నౌక ఒకటి ఆ ఈల విన్నానంది. తొంభైల చివర అటుగా పోయిన ఇంకో నౌక ఎంత చెవి రిక్కించినా ఏమీ వినపడలేదంది. ఉందో లేదో ఏదో ఒకటి తేల్చి చావరేం అని నాకు విసుగొచ్చింది. విసుక్కుని ఊరుకున్నా సరిపోయేది. నేను తేలుస్తానని పార్ట్ టైం పీహెచ్‌డీకి పేరు రాయించుకున్నాను. కొరివితో తల గోక్కోవడమంటే అదే.

మొదటి నాలుగేళ్ళు పాత నౌకల పాత కాగితాలతో గడిచాయి. రెండు వేల ఆరులో ఒక కొత్త నౌక వెళ్ళి శుక్రుడి చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. రోజుకొకసారి అది గ్రహానికి బాగా దగ్గరగా దిగి, మళ్ళీ దూరంగా వెళ్ళిపోతుంది. ఆ దిగిన కొద్ది నిమిషాల్లోనే ఈల వినపడే అవకాశం. అది కొలిచిన అంకెలను కొన్నాళ్ళ తరువాత ప్రపంచంలో అందరికీ అందేలా నెట్‌లో పెట్టారు. అందరికీ అంటే కరెంటు ఉన్నవాళ్ళందరికీ అని అర్థం.

మా వీధి మొదట్లో ఒక భాయ్ నెట్ సెంటర్ నడిపేవాడు. అంతకుముందు అదే గదిలో టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది, మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి, స్టూళ్ళు మాత్రం అవే. నా ఫైలు ఒక్కోటి దిగడానికి ఒక పూట పట్టేది. సగం దిగాక కరెంటు పోతే మళ్ళీ మొదటికి. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి భాయ్ గుమ్మంలో నిలబడి దూరం నుంచే కేకేసేవాడు.

"మేడం, మీ శుక్రుడు ముప్పావు వంతు దాకా వచ్చి ఆగిపోయాడండీ."

ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజైతే సరేసరి. వీధంతా హాల్ టికెట్లు పట్టుకుని ఆ గదిలోనే ఉండేది. "వీళ్ళ మార్కులు చూసి పంపించేస్తా, మీ గ్రహం ఎక్కడికీ పోదు గదా" అనేవాడు. పోదు, నిజమే. నా గడువు పోతుంది. రిజిస్ట్రేషన్‌కు ఇవ్వగలిగిన పొడిగింపులన్నీ యూనివర్సిటీ ఇచ్చేసింది. రెండు వేల ఎనిమిది జూలై నెలాఖరు లోపల థీసిస్ ఇస్తే డాక్టరునవుతాను, లేకపోతే ఆరేళ్ళ చాకిరీ గోదాట్లో కలిసినట్టే. ఇంతా చేసి చేతికి దక్కింది వరసగా ఒక్క నెల అంకెలు. ఆ ఒక్క నెలతోనే కూర్చున్నాను.

అంకెలను గీతలుగా మార్చి, రోజుకొక పొడుగాటి కాగితం చొప్పున ప్రింటు తీసి, ఒకదాని కింద ఒకటి హాల్లో నేల మీద టేపుతో అంటించాను. అంటించి లేచి నిలబడి చూశాను. ప్రతి కాగితంలోనూ, నౌక బాగా దగ్గరికి వచ్చే ముందు, ఒక వణుకుల గుత్తి ఉంది. ఒకరోజు కాదు, రెండు రోజులు కాదు, నెలంతా. అన్నీ ఒకే చోట, ఒక వరసలో. ఆ నెలలో నౌక దిగుతున్నది గ్రహం మీద సాయంత్రం అవుతున్న వైపు. అంటే రోజూ సాయంత్రం మెరుపులు!

ఇక్కడ నేను చేసిన తప్పు కృష్ణా జిల్లా వాళ్ళు తప్ప ఇంకొకరు చేయరు. మే నెలలో బెజవాడ సంగతి చెప్పాలా. పగలంతా కొండలు కాగి కాగి, సాయంత్రం నాలుగూ అయిదింటికి ఒక పక్కన నల్లబడి, దుమ్ము లేచి, ఉరుములు మొదలవుతాయి. ఆ టైముకు డాబా మీద ఆరేసిన బట్టలూ, వడియాలూ తీసేసుకోవడం మాకు చిన్నప్పటి నుంచి అలవాటు. మెరుపంటే సాయంత్రం వచ్చేది అని నా ఒంట్లో ఉంది. శుక్రుడి మీద ఒక పగలు మన లెక్కలో దాదాపు రెండు నెలలని, అక్కడ సాయంత్రం అంటే వారాల తరబడి సాయంత్రమేనని క్లాసులో పిల్లలకు చెప్పేది నేనే. అయినా ఆ వరస చూడగానే నాకు తోచింది మా డాబా మీది వడియాలు.

నా గైడ్ గారు గుంటూరు పక్కవారు. ఆయనకూ అదే తోచింది.

"వేసంకాలం వాన సాయంత్రం గాక పొద్దున్నే వస్తుందా అమ్మా? కరెక్టే పట్టావు. ఇంత లెక్కగా వస్తుందంటే ఇంక అనుమానమే లేదు. రాసెయ్" అన్నారు.

రాశాను. ఎండల్లో, ఫ్యాను లేని మధ్యాహ్నాలు, చేతికి అంటుకునే కాగితాల మీద రాశాను. మే నెల మొదటికల్లా టైపు కూడా అయిపోయింది. బైండింగుకు ఇచ్చే ముందు సంతకం కోసం ఆయన దగ్గరికి వెళితే పెన్ను తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.

"ఇప్పుడు మూఢం వచ్చిందమ్మా."

"ఏ మూఢం సార్?"

"శుక్ర మూఢం. శుక్రుడి మీద థీసిస్ శుక్ర మూఢంలో ఇస్తావా? పెళ్ళిళ్ళే ఆపుకుంటున్నారు జనం. జూలైలో వెళ్ళిపోతుంది. నీ గడువు జూలై నెలాఖరు గదా, బోలెడు టైముంది."

ఫిజిక్స్ ప్రొఫెసరండీ ఆయన. శుక్రుడు సూర్యుడి వెనక్కి పోయి కొన్ని వారాలు కంటికి కనపడకపోవడమే మూఢమని నాకంటే ఆయనకే బాగా తెలుసు. ఆ రోజుల్లో మధ్యలో సూర్యుడు అడ్డొచ్చి నౌక మాట కూడా భూమికి సరిగా అందదు, ఆ లెక్కన నౌకకూ మూఢమే. కానీ నా కాగితాలకు మూఢమేమిటి? ఆ మాటే అడుగుదామని నోటి దాకా వచ్చింది. సంతకం ఆయన చేతిలో ఉంది. "సరే సార్" అని బయటికొచ్చి, బస్‌స్టాండులో ఒక నిమ్మసోడా తాగి, ఇంటికొచ్చి గిన్నెలన్నీ చప్పుడు చేస్తూ తోమాను.

ఆ మూఢంలోనే మా నాన్న వచ్చాడు. మా పుట్టిల్లు కూచిపూడి దాటి లోపలికి వెళితే వచ్చే ఒక నేత ఊళ్ళో. నాన్న అప్పటికి నలభై ఏళ్ళ పైబడి మగ్గం నేస్తున్నాడు. నూలు సరఫరా చేసే ఆసామి పడుగు పంపించక మగ్గం ఖాళీగా ఉందని, నాలుగు రోజులు ఉండి వెళదామని వచ్చాడు. బస్సులో పక్క సీటు వాళ్ళకు కూడా "మా అమ్మాయి జూలైలో డాక్టరవుతుంది, మందులిచ్చే డాక్టరు గాదు, అంతకంటే పెద్ద డాక్టరు" అని చెప్పుకుంటూ వచ్చాడని తరువాత ఎవరో చెప్పారు.

నేల మీద పరిచిన కాగితాలు చూసి "ఇదేనా?" అన్నాడు. నేను కూర్చుని అంతా విడమరిచి చెప్పాను. ఒక్కో కాగితం ఒక్కో రోజని, ఎడమ నుంచి కుడికి నౌక దిగి వెళ్ళడమని, మధ్యలో ఆ వణుకులే మెరుపులని. నాన్న "ఓహో" అన్నాడు. అంతే. మరుసటి రోజు నేను కాలేజీ నుంచి వచ్చేసరికి అక్కడే గొంతుక్కూర్చుని ఉన్నాడు. వేళ్ళు చాపి ఒక కాగితం మీద జానలు కొలుస్తున్నాడు. అన్నం సరిగా తినలేదు. ఒంట్లో బాగాలేదా అంటే "ఏం లేదు, ఎండ" అన్నాడు. మూడో రోజు పొద్దున కాఫీ గ్లాసు చేతిలో పెడుతుంటే నోరు విప్పాడు.

"అమ్మాయ్, ఒక మాట అడుగుతా, కోప్పడవు గదా. ఇవన్నీ ఒకే చోట పడినయ్యేంటి?"

"రోజూ ఒకే వేళకు మెరుపులొస్తున్నాయి కాబట్టి."

"అట్టా గాదు. గుంట మగ్గంలో జానెడు నేసి, ఆపి, గుడ్డ చుట్టుకుని మళ్ళీ మొదలెడతాం గదా. చెయ్యి కుదరకపోతే ఆగిన కాడల్లా చార పడుద్ది. నూలు మంచిది గాకపోతే చార ఎక్కడబడితే అక్కడ పడుద్ది. జానెడుకొకటి లెక్కగా పడిందంటే నూలుది గాదు తప్పు, నేసేవాడిది. నీ ఓడ అక్కడికొచ్చేసరికి ఏమన్నా ఆగుద్దా? చుట్టుకుంటదా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. లెక్కగా రావడమే దాని గొప్ప, దాని గురించే తొంభై పేజీలు రాశాను. ఆ పేజీలన్నీ వదిలేసి ఈయన చీర గురించి చెబుతున్నాడు.

"నాన్నా, ఇది గుడ్డ కాదు. నీకు తెలియని దాంట్లో వేలు పెట్టకు. ఆరేళ్ళు పడ్డాను దీనికోసం. నీకు కనపడింది నాకూ, మా సార్‌కూ కనపడలేదంటావా?" అని అరిచాను. పక్కింట్లో కుక్కర్ విజిల్ కూడా వినపడనంత గట్టిగా అరిచాను.

నాన్న కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయాడు. ఆపలేదు నేను.

అరిచానే గానీ, "చుట్టుకుంటదా?" అన్న మాట చెవిలో జోరీగ దూరినట్టు దూరింది. నౌక వెళ్ళే దారి మారదు, గ్రహమేమో సూర్యుడి చుట్టూ తిరుగుతుంటుంది. కాబట్టి నాలుగు నెలలు ఆగితే అదే నౌక గ్రహం మీద ఇంకో వేళప్పుడు, తెల్లవారుజాము వైపు దిగుతుంది. నావి సాయంత్రపు మెరుపులైతే అప్పుడవి ఉండకూడదు, ఉన్నా ఇంకో చోట ఉండాలి. ఇది చూడటానికి పీహెచ్‌డీ అక్కర్లేదు. నేను చూడలేదు, ఎందుకంటే నాకు దొరికింది దొరికినట్టే ఉండాలని ఉంది. భాయ్ దగ్గరికి వెళ్ళి ఆ తరువాతి నెలల ఫైళ్ళు కొన్ని కావాలన్నాను. మూడు రోజులు పట్టింది. రెండు సార్లు కరెంటు పోయింది.

ప్రింటు తీసి పాత కాగితాల కింద పెట్టాను. అదే చోట, అదే గుత్తి. సాయంత్రం లేదు, తెల్లవారుజాము లేదు, రాత్రి లేదు. బాగా దగ్గరికి వచ్చే ముందు నౌక తన ముఖాన్ని గ్రహం వైపు తిప్పుకుంటుంది, అందుకు లోపల కొన్ని చక్రాలు తిరుగుతాయి, వాటి మోటార్లు పుట్టించే అయస్కాంత వణుకు కూడా ఆ అంకెల్లో పడుతుంది. ఆ చక్రాల చప్పుడు పట్టుకుని నేను మేఘాల్లో ఉరుమని రాశాను.

"మెరుపేనా మేడం?" అన్నాడు భాయ్, నా మొహం చూసి కూడా.

"కాదు భాయ్. ఓడలో చక్రం."

ఆయన తను మార్కరుతో తేదీలు రాసి, వరసగా పేర్చిపెట్టిన నా సీడీల వైపు చూశాడు. "అన్నీనా?" అన్నాడు.

గైడ్ గారు కుర్చీలో వెనక్కి వాలి అంతా విన్నారు. కోప్పడతారనుకున్నాను. కోప్పడినా బాగుండేది.

"నీ థీసిస్‌లో ఎన్ని నెలల డేటా ఉందమ్మా?"

"ఒక నెల సార్."

"ఆ నెలలో నువ్వు రాసింది ఉందా లేదా? ఉంది. అబద్ధం ఎక్కడ రాశావు? మిగతా నెలలు నువ్వు చూడలేదు, అంతే. ఎగ్జామినర్లకు అవన్నీ దింపుకుని చూసే తీరిక ఎక్కడిది? మూఢం వెళ్ళగానే సంతకం పెడతా."

నేను వెంటనే కాదనలేదు. అంత గొప్పదాన్నేం కాదు. వారం రోజులు ఆ మాటను చప్పరిస్తూ తిరిగాను. నిజమే కదా, ఎవరికి నష్టం? శుక్రుడికి నష్టమా? బోర్డు మీద పేరు ముందు డాక్టర్ అని ఉంటుంది, కెమిస్ట్రీ మేడం నోరు మూతపడుతుంది, ఇస్త్రీ బండి ఆయనకు దొరికిందండీ అని చెప్పవచ్చు. ఎనిమిదో రోజు థీసిస్ తెరిచి మొదటి వాక్యం చదువుకున్నాను. నా వాక్యమే నాకు చదవబుద్ధి కాలేదు. మళ్ళీ ఆయన దగ్గరికి వెళ్ళాను.

"మెరుపులు లేవని తిరగరాస్తాను సార్."

"లేవని నీకు తెలుసా?"

తెలియదు. అదీ నా ఖర్మ. నేను విన్నది మెరుపు కాదని మాత్రమే నాకు తెలుసు. ఆ చక్రాల చప్పుడు అడుగున నిజం ఈల ఉందేమో, లేదేమో. ఉందని రాయడానికి సాక్ష్యం లేదు, లేదని రాయడానికీ సాక్ష్యం లేదు. ఆరేళ్ళు వెతికి "నాకు తెలియదు" అనే మాటకు వచ్చాను, ఆ మాట నాకు మొదటి రోజే వచ్చు. చప్పుడును వేరుచేసే పద్ధతి మీద రాస్తానంటే ఇంకో ఏడాది కావాలి. ఆ ఏడాది యూనివర్సిటీ ఇవ్వదు.

మూఢం వెళ్ళిపోయింది. జూలై వెళ్ళిపోయింది. నా రిజిస్ట్రేషన్ కూడా వెళ్ళిపోయిందని ఒక పలచటి ఉత్తరం వచ్చింది. దాన్ని బీరువాలో చీరల కింద పెట్టాను. బాధేసింది, చెప్పొద్దూ, ఇంట్లో మనిషి పోయినంత బాధేసింది. దానికంటే ఎక్కువ కోపమొచ్చింది, సార్ మీద, కరెంటు వాళ్ళ మీద, అంత దూరం పోయి కూడా తన చక్రాల చప్పుడు తను అణుచుకోలేని ఆ నౌక మీద. అందరికంటే ఎక్కువ నాన్న మీద. ఇంకో రెండు నెలలు మగ్గానికి పడుగు అందినా బాగుండేది, ఆయన వచ్చేవాడే కాదు, నేను హాయిగా డాక్టరునయ్యేదాన్ని అనుకున్నాను. అనుకున్నానని ఒప్పుకుంటున్నాను.

నాన్న మళ్ళీ మా ఇంటికి రాలేదు. ఆదివారం ఆదివారం చేసే ఫోనూ ఆగిపోయింది. మా వదిన సెల్లుకు చేస్తే "మగ్గంలో ఉన్నారు" అనేది. ఎప్పుడు చేసినా మగ్గంలోనే. దసరా కూడా వెళ్ళిపోయాక ఇక నాకు విసుగు పుట్టింది. తప్పు చేసింది నేను, అరిచింది నేను, పోగొట్టుకుంది నేను, అలిగింది ఈయనా? ఒక ఆదివారం పొద్దున్నే బయలుదేరి, పామర్రులో బస్సు మారి, మా ఊళ్ళో దిగాను.

నాన్న నిజంగానే మగ్గంలో ఉన్నాడు. గుంటలో కాళ్ళు దింపుకుని, బనీనుతో, తల ఎత్తకుండా నేస్తున్నాడు. నేను గట్టు మీద చతికిలబడ్డాను. నూలు కండె పెట్టిన నాడె పడుగులో అటూ ఇటూ పోతూనే ఉంది.

"చదువు పోయిందంట గదా" అన్నాడు ఆపకుండానే.

"పోయింది."

"నా నోటి వల్లే."

ఆ మాట కోసం నాలుగు నెలలుగా కాచుకుని ఉన్నాను. తీరా అది ఆయన నోట వచ్చేసరికి నాకు నచ్చలేదు. "నువ్వు కాకపోతే ఇంకెవరో చెప్పేవాళ్ళు నాన్నా. పుస్తకం అచ్చయ్యాక, నలుగురిలో" అన్నాను.

"అది తెలుసు." నాడె ఆగింది. "చూసిన పూటే తెలిసింది నాకు. రెండు రోజులు అదే ఆలోచించా. చెప్తే నీ డాక్టరు పోద్ది. చెప్పకపోతే ఎవడో పరాయోడు చెప్తాడు. వాడు చెప్తే వాడి మీద నీకు జన్మంతా కోపం ఉండిపోద్ది. నా మీదైతే ఎన్నాళ్ళుంటది? కొన్నాళ్ళుండి పోద్ది. అందుకని నేనే చెప్పా."

ఆయన ఏమీ తెలియక నోరు జారాడనుకున్నాను నేను. రెండు రోజులు అన్నం మానేసి, నా డిగ్రీ పోతుందని తెలిసి, నా కోపం ఎవరి మీద పడితే నాకు మంచిదో లెక్క చూసుకుని, ఆ చోట తను నిలబడ్డాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడుపొచ్చినందుకు మళ్ళీ ఒళ్ళు మండింది.

"మరి రావడం ఎందుకు మానేశావు?"

"అది పోయినాక వద్దామని. పోయిందా?"

"పోలేదు. ఇప్పట్లో పోదు కూడా" అన్నాను ముక్కు తుడుచుకుంటూ. "పదకొండింటికి బస్సుంది. చొక్కా వేసుకో."

నాన్న నాడె పక్కన పెట్టి, గట్టు మీద నా భుజం ఆసరాగా పట్టుకుని గుంటలోంచి పైకి లేచాడు.